మా తాతకు లేని జబ్బు

మా తాత కన్నుసామి రాజపాళయంలో ఒక స్పిన్నింగ్ మిల్లులో ముప్పైనాలుగేళ్లు పనిచేశాడు. బ్లో రూంలో పని. దూది బేళ్లు విప్పి, దులిపి, చెత్త తీసే చోటు అది. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి మీసం, కనుబొమలు, చెవుల మీద వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవట. పెళ్లైన కొత్తలో మా అవ్వ పాప్పమ్మాళ్ గుమ్మంలోనే నిలబెట్టి కొంగుతో ముఖం తుడిచేదని తాత చెబుతాడు. అవ్వ ఒప్పుకోదు. "కొంగూ లేదు, గింగూ లేదు. తువ్వాలు విసిరేసినా, అంతే" అంటుంది.

చిటికెడు దూది చేతికిస్తే చాలు, రెండు బొటనవేళ్ల మధ్య లాగి చూసి అది ఎంత పొడవు పీచో, ఏ నేలలో పండిందో తాత చెప్పేస్తాడు. అదే మనిషిని అంగడికి పంపితే ముదిరిపోయిన బెండకాయలు ఏరుకుని తెస్తాడు. పీచు మీద అంత ప్రేమ.

మిల్లు గేటు దగ్గర జేబులు తడిమి అగ్గిపెట్టె తీసేసుకునేవాళ్లు. లోపల దూది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని టీ వేళలో తాత బయటి గోడ దగ్గరికి పరుగెత్తి పది నిమిషాల్లో మూడు బీడీలు కాల్చేవాడు. రిటైరయ్యాక గోడా లేదు, పది నిమిషాల హద్దూ లేదు. బీడీ ఇంట్లోకి వచ్చేసింది. అప్పటికే అవ్వకు ఆయాసం. ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని బ్యాండేజి గుడ్డ మడతలు పెట్టిన మనిషి ఆమె. ఆ ఆయాసాన్ని మా వైపు వీసింగు అంటారు.

రెండేళ్ల కింద డాక్టరమ్మ అవ్వకు మందు పీల్చే పంపు ఇచ్చి, ఇంట్లో పొగ ఉంటే ఈ పంపు ఎన్ని ఇచ్చినా దండగ అని చెప్పింది. ఆ సాయంకాలమే తాత పెరుమాళ్ పటం ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో దాన్ని కొట్టి ఆర్పాడు. మా వాళ్లలో అంతకు మించిన ప్రమాణం లేదు. ఇక తన నోట్లోంచి పొగ రాదు అన్నాడు. చెయ్యి బొబ్బెక్కింది. అవ్వ మందు రాస్తూ, "మెల్లిగా కొట్టి ఉండకూడదా, దేవుడికి చెవుడా" అంది. అంటూనే ఉంది కాని ఆ రోజు ఆమె ముఖం చూడాలి.

తాత మాట తప్పలేదు. ఆయన చేతికే ఏం చేయాలో తెలియలేదు. వేపపుల్ల పట్టుకునేది, నా పెన్ను పట్టుకునేది, ఒకసారి ములక్కాడ ముక్క రెండు వేళ్ల మధ్య పెట్టుకుని గంటసేపు కూర్చుంది. టీ కొట్టు దగ్గర గాలి ఏ వైపు వీస్తుందో చూసి, ఇతరుల బీడీ పొగ వచ్చే వైపు నిలబడేవాడు. నేను వెక్కిరిస్తే, "గాలికి కూడా ప్రమాణం చేయించేదా ఏమే" అనేవాడు.

నేను అభినయని. మా అమ్మానాన్నలు శివకాశిలో ప్రెస్సులో పనిచేస్తారు. పదో తరగతిలో లెక్కలు తప్పాక నేను ఇక్కడే తాత, అవ్వల దగ్గర ఉండి బ్యాండేజి ప్యాకింగుకు పోతున్నాను. మా అన్న అజిత్ మలేషియాలో ఒక హోటలు వంటింట్లో ఉంటాడు. పోయిన ఆడి మాసంలో, అదే ఆషాఢంలో, వాడు సెలవుకు వచ్చి, అందరికీ చాక్లెట్లు ఇచ్చి, తాతను మేడ మీదికి పిలిచాడు. నన్ను పిలవకపోయినా నేనూ పోయాను.

వాడు జేబులోంచి నీలం రంగు పుల్లలాంటిది తీశాడు. బీడీకట్ట అంత పొడవు. దాంతోబాటు చిన్న సీసాలు ఆరు.

"తాతా, ఇది వేప్. దీంట్లో పొగాకు లేదు, నికోటిన్ లేదు, నిప్పు లేదు. సుమ్మా, వట్టి ఆవిరి. మామిడి రుచి. సీసా మీద సున్నా అని వేసినారు చూడు."

"సున్నా వేసినదాన్ని ఎందుకురా ఇంత దూరం మోసుకొచ్చినావు?"

"నీకోసమే. చేతికి పని, నోటికి పని. ఇది పొగ కాదు కాబట్టి కర్పూరం జోలికి పోదు. బయట మాత్రం తీయొద్దు, ఇక్కడ అమ్మకూడదని చట్టం ఉండాది."

తాత చాలాసేపు దాన్ని తిప్పి చూశాడు. తర్వాత ఒక్కసారి పీల్చాడు. కొసన చిన్న దీపం వెలిగింది. ముక్కులోంచి తెల్లగా వచ్చింది. కళ్లు మూసుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను.

"మామిడి అన్నావు. ఇది మామిడి కాదురా, మామిడి మిఠాయి. మన సప్పట్టై మామిడి దీన్ని చూస్తే నవ్వుతాది" అన్నాడు. అని మళ్లీ పీల్చాడు.

అన్న తిరిగి వెళ్లిపోయాడు. రోజూ మధ్యాహ్నం అవ్వ కునుకు తీసే వేళకు తాత మేడెక్కేవాడు. నేను ఇంట్లో ఉంటే కాపలా. ఒకరోజు అవ్వ కునుకు తీయలేదు. వడియాల పిండి గిన్నె చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, పై మెట్టు మీద నిలబడిపోయింది. తాత సరిగ్గా అప్పుడే పీల్చి ఉన్నాడు.

"ఏమయ్యా అది?"

తాత చెప్పడానికి నోరు తెరిచాడు. మాటకు బదులు ఆవిరి వచ్చింది.

నాకు ఎప్పుడూ నోరే ముందు పరుగెత్తుతుంది. "వీసింగు పంపు అవ్వా" అన్నాను. "అన్న తెచ్చినాడు. అక్కడి డాక్టర్లు ఇస్తారంట."

"ఈయనకేమిటికి వీసింగు పంపు?"

"మిల్లు దుమ్ము అవ్వా. ఇన్నేళ్లు లోపలే ఉండి, ఇప్పుడు పని చూపిస్తా ఉండాదంట."

అది ఆట అనుకున్నాను. సాయంకాలానికి నవ్వుకుని చెప్పేద్దాం అనుకున్నాను. అవ్వ గిన్నె కింద పెట్టి, మెట్టు మీద అలాగే కూర్చుంది. తాతను చూసి, "ఎన్నాళ్లుగా?" అని అడిగింది. అంత నెమ్మదిగా ఆమె ఏదీ అడగదు.

తాత నన్ను చూశాడు. నేను తల ఊపాను.

"కొన్నాళ్లుగా" అన్నాడు తాత.

అవ్వ వడియాలు పెట్టడం మరిచిపోయి దిగిపోయింది.

మరుసటి రోజు నుంచి మా ఇంట్లో ఒక రోగి ఉన్నాడు. తూదువళ అని, దగ్గుకు వాడే ముళ్ల తీగ ఆకు ఒకటి ఉంది. తాతకు దాని వాసనే పడదు. రోజూ పొద్దున అది పచ్చడి, మధ్యాహ్నం మిరియాల రసం, రాత్రికి ఏదో కషాయం. తాత ముక్కు మూసుకుని తిన్నాడు. నేను పక్కన కూర్చుని నవ్వాను.

ఆయాసం సంగతిలో మా అవ్వకు తెలియంది లేదు. తాతకు పాఠం కూడా పెట్టింది. "అట్ల పీల్చి వెంటనే వదిలేస్తే మందు లోపలికి ఎట్ల పోతాది? పీల్చినాక పది లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాల. నాకు డాక్టరమ్మ అట్లే నేర్పినాది. ఏదీ, నా ముందు చెయ్యి."

తాత పీల్చి పట్టి ఉంచాడు. అవ్వ వేళ్లు మడుస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. పది దగ్గరికి వచ్చేసరికి తాత కళ్లు బయటికొచ్చాయి. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. తాత ఎందుకు నవ్వలేదో నాకు అప్పుడు తెలియలేదు.

ఆయన అడక్కుండానే ఆమె రోజూ గుర్తు చేసేది. "ఏమయ్యా, మధ్యాహ్నం మందు పీల్చినావా?" దాన్ని తుడిచి మాత్రల డబ్బాలో తన పంపు పక్కనే పెట్టేది. శనివారాలు ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. ఎందుకవ్వా అంటే, "పెరుమాళ్‌కూ నాకూ ఏదో ఉండాది, నీకేమిటికి" అంది.

ఇదంతా ఒక ఎత్తు. నీళ్లు ఒక ఎత్తు. మా వీధికి కుళాయి నీళ్లు ఐదారు రోజులకొకసారి వస్తాయి. వీధి మూలన కుళాయి. అక్కడి నుంచి మా తొట్టి నిండేదాకా బిందెలతో మోయాలి. అవ్వకు వీసింగు వచ్చినప్పటి నుంచి ఆ పని తాతదే. సైకిలుకు రెండు వైపులా బిందెలు తగిలించి, మధ్యలో ఒకటి పెట్టి, జాతరలో ఏనుగులా ఊగుతూ తెచ్చేవాడు.

ఆ వారం సైకిలు తీయబోతే అవ్వ తాళంచెవి నడుముకు దోపుకుంది.

"నువ్వు మోయొద్దు. బరువెత్తితే రొమ్ము పట్టేస్తాది. నాకు తెలీదా?"

"నాకేమీ లేదు పాప్పా. నేను మోస్తా."

"ఏమీ లేకపోతే పంపు ఏమిటికి?"

దానికి తాత దగ్గర జవాబు ఉంది. ఒకే ఒక్క జవాబు. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నేను మోస్తానంటే, "నీకు షిఫ్టుకు వేళయింది, పో" అని తరిమింది. కుళాయి పక్కన తాత కోసం ప్లాస్టిక్ కుర్చీ వేసి, తను బిందె నడుముకెత్తుకుంది.

ఆ రోజు మేడ మీద తాత నాతో, "చెప్పేద్దాం" అన్నాడు.

"ఇప్పుడా? వేప్ సంగతి చెప్పితే కర్పూరం సంగతి వస్తాది. రెండేళ్లూ నీళ్లల్లో పోతాయి తాతా" అన్నాను. "ఈ సీసాలు అయిపోనీ. జబ్బు నయమైందని చెప్పేస్తాం. ఎవురికీ నష్టం లేదు."

నేను ఎంత సులువుగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. తాత ఆ రోజు పీల్చలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మరుసటి రోజు అవ్వ అడిగింది, "నిన్న మందు వేసుకోలేదా, దీపం కనబడలేదే" అని. ఆమె కింది నుంచి చూస్తూ ఉందన్నమాట. తాత ఆమె ముందే పీల్చి, పది లెక్కపెట్టించుకున్నాడు. ఆయనకు ఇప్పుడు దాని రుచి ఏమీ నచ్చడం లేదని ముఖం చూస్తే తెలిసేది. అయినా మానడానికి లేదు. మానితే ఆమె భయపడుతుంది.

ఇలా మూడు నీళ్ల రోజులు గడిచాయి. నాలుగోది ఆదివారం వచ్చింది. నాకు సెలవు కాబట్టి నేనూ ఒక బిందె పట్టుకుని వెళ్లాను. తాత కుర్చీలో, అవ్వ వరుసలో. వెనక నిలబడిన ఎదురింటి సుందరవల్లి అత్త ఊరుకోలేదు.

"ఏం మామా, పట్టాభిషేకానికి కూర్చున్నట్టు కూర్చున్నారే. అత్త మోస్తా ఉంటే చూసేదానికి బాగుండాదా?"

తాత లేవబోయాడు. అవ్వ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, సుందరవల్లి వైపు తిరిగింది. "ఆయన ఊపిరి బాగలేదు. నీ బిందె చూసుకో, పొర్లి పోతా ఉండాది."

తాత తల వంచుకున్నాడు. అవ్వ అప్పటికే ఐదుసార్లు తిరిగింది. ఆరో బిందె ఎత్తి నాలుగు అడుగులు వేసి, దించేసింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఈల వేసినట్టు చప్పుడు నాకు వినబడింది. ఆమె పంపు ఇంట్లో ఉంది. "నేను తెస్తానవ్వా" అని నేను పరుగెత్తబోయాను.

"ఎందుకు అంత దూరం, ఇదో ఉండాదే" అని అవ్వ తాత చొక్కా జేబులోకి చెయ్యి పెట్టింది.

తాత లేచి నిలబడ్డాడు. "వద్దు పాప్పా."

"ఏం, నీ సీమమందు నాకు పనిచేయదా?"

"అది వద్దు. అది..."

ఆయన ఆ మాట ముగించలేదు. చుట్టూ బిందెలతో పదిమంది ఆడవాళ్లు. నేనూ ముగించలేదు. అవ్వ దాన్ని నోట్లో పెట్టుకుని, డాక్టరమ్మ నేర్పినట్టే, లోతుగా పీల్చి, పట్టి ఉంచి, వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఏడు దాకా వెళ్లిందనుకుంటాను. అక్కడ దగ్గు వచ్చింది. వచ్చింది ఆగలేదు. రెండోసారి పీలిస్తే నయమవుతుందేమో అని మళ్లీ నోటి దగ్గరికి తీసుకుంది. తాత దాన్ని లాక్కున్నాడు. అప్పటికే ఆమె పెదాల రంగు మారుతోంది.

నేను ఇంటికి పరుగెత్తి అసలు పంపు తెచ్చాను. రెండుసార్లు కొట్టినా ఈల తగ్గలేదు. సుందరవల్లి అత్తే ఆటో పిలిచింది. ఆటోలో అవ్వ తల తాత భుజం మీద, ఆమె రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. తాత ఒక చేత్తో ఆమెను పట్టుకుని, రెండో చేతి వేళ్లు అలాగే మడిచి ఉంచాడు. లోపల ఆ నీలం పుల్ల ఉంది.

ఆస్పత్రిలో అవ్వ ముఖానికి మాస్కు పెట్టి మిషన్ వేశారు. ఎప్పుడూ చూసే డాక్టరమ్మే. మిషన్ కొంతసేపు నడిచాక, "ఇంతగా ఎందుకు వచ్చింది? ఏం పీల్చారు?" అని అడిగింది. అవ్వ మాట్లాడలేక తాత చేతి వైపు వేలు చూపించింది. తాత వేళ్లు విప్పాడు.

డాక్టరమ్మ దాన్ని తీసి చూసింది. వాసన చూసింది. "ఇది ఎవరు రాసిచ్చారు?"

తాత నన్ను చూడలేదు. అవ్వ కాళ్ల వైపు చూస్తూ చెప్పాడు. "ఎవురూ రాసియ్యలేదమ్మా. ఇది మందు కాదు. బీడీ మానినాక చెయ్యి ఊరుకోలేదు. దీన్ని మందని ఈమెకు చెప్పినా. నేనే చెప్పినా. నికోటిన్ లేదు కదా, పర్వాలేదు అనుకున్నా."

"నికోటిన్ లేకపోతే ఊపిరికి మంచిదని ఎవరు చెప్పారు మీకు?" డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "ఇది నీళ్ల ఆవిరి కాదు. ఏదో ద్రావకం, వాసనకు ఏవేవో కలిపి వేడి చేసేది. బాగున్న గొంతుకే మంచిది కాదు. ఉబ్బసం గొంతు దీనికి మూసుకుపోకుండా ఎలా ఉంటుంది? ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేది?"

తాత నిలబడే ఉన్నాడు. కుర్చీ పక్కనే ఉంది. కూర్చోలేదు.

అప్పుడు అవ్వ మాస్కు కిందికి లాగింది. నర్సు వద్దన్నా వినలేదు. "అయితే నీకు వీసింగు లేదా?"

"లేదు."

"రొమ్ములో దుమ్ము?"

"నాకేమీ లేదు పాప్పా."

అవ్వ డాక్టరమ్మ వైపు తిరిగింది. "వీళ్ల మాట నమ్మేదానికి లేదు. మీరు చూసి చెప్పండి."

డాక్టరమ్మ తాత వీపు మీద గొట్టం పెట్టి, పీల్చండి, వదలండి అంది. పైనా కిందా పెట్టి వింది. వయసుకు బాగానే ఉందని, ఎక్స్‌రే ఫోటో ఒకటి తీసి చూద్దామని, భయపడాల్సిన చప్పుడు ఏదీ లేదని చెప్పింది. అవ్వ మాస్కు మళ్లీ పైకి పెట్టుకుని కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల పక్క నుంచి నీళ్లు చెవిలోకి కారాయి.

ఆయాసం తగ్గాక అవ్వను ఇంటికి పంపారు. పోతూ పోతూ తాత ఆ వేప్‌ను అక్కడి చెత్తబుట్టలో వేయబోతే, "దాంట్లో బ్యాటరీ ఉంది, ఇక్కడ వేయకండి" అని నర్సు తిరిగి చేతికిచ్చింది. సీసాల్లో మిగిలింది ఇంటికి రాగానే పారబోశాడు. అన్నకు ఫోను చేసి చెప్పాను.

అవ్వ నాతో మామూలుగానే ఉంది. తల దువ్వింది, టిఫిన్ కట్టింది. తాతతో మాత్రం మాట లేదు. కంచం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, వెళ్లిపోతుంది. తూదువళ పచ్చడి ఆగిపోయింది. శనివారం మూడు పూటలా తింది, అదీ తాత ఎదురుగా కూర్చుని. తాత మాత్రం ఆ రోజు ఒక పూటే తిన్నాడు.

మళ్లీ నీళ్ల రోజు వచ్చింది. తెల్లవారకముందే సైకిలు తాళంచెవి తాత చెప్పుల పక్కన ఉంది. అవ్వ పెట్టిందే. తాత మోస్తున్నాడు. అవ్వ గడప దగ్గర కూర్చుని కూర తరుగుతోంది. నాకు షిఫ్టు మధ్యాహ్నం. ఇక ఉండలేక ఆమె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, అది మందని తాత చెప్పలేదు. నేను చెప్పినా."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఎట్ల ఏమిటే. నువ్వు చెప్పినప్పుడు నేను పై మెట్టు మీదే నిలబడి ఉండా కదా. నాకు రొమ్ములోనే జబ్బు, చెవిలో కాదు." ఆమె ఇంకో వంకాయ తీసుకుంది. "ఆస్పత్రిలో నేనే చెప్పినా, నేనే చెప్పినా అని గుండె మీద కొట్టుకుంటా ఉంటే, ఇదొక అబద్ధమా అనుకున్నా."

"మరి నాతో మాట్లాడతా ఉండావు. ఆయనతో ఏమిటికి లేదు?"

కత్తిపీట ఆగింది. "నువ్వు ఒక్క రోజు చెప్పినావు. నోటి దురుసు. ఆయన దినమూ నా ముందు కూర్చుని పీల్చినాడు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టినా. పదిదాకా. ఆ పది లెక్కపెట్టే లోపల ఒక్క రోజైనా చెప్పి ఉండొచ్చు కదా."

నేను తలెత్తితే తాత గడప అవతల నిలబడి ఉన్నాడు. భుజం మీద బిందె, చొక్కా అంతా తడిసి ఉంది. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. ఆయన లోపలికి వచ్చి, బిందె తొట్టిలో ఒంపి, మా పక్క నుంచి తిరిగి బయటికి నడిచాడు. గడప దాటాక ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"చెప్పి ఉండాల పాప్పా" అన్నాడు. "దినమూ అనుకున్నా. నువ్వు లెక్కపెట్టేది బాగుండె."

అవ్వ వంకాయ ముక్కలు నీళ్లలో వేసింది. ఒకటి, రెండు, మూడు.

"ఇంకెన్ని బిందెలు పట్టాల?" అంది.

"రెండు."

"సరి. పట్టుకొని రా. పైపు ఆగిపోతాది."

తాత సైకిలు తిప్పుకున్నాడు. నేను లేచి, మూలనున్న చిన్న బిందె తీసుకుని ఆయన వెనకాలే పోయాను. ఈసారి అవ్వ నన్ను షిఫ్టుకు తరమలేదు.